నాలుగు వరసల కుట్టు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట చాలామంది తమ గురించి కాస్త గొప్పగానే చెప్పుకుంటారు. నేను గొప్పకు చెప్పడం లేదు. "పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల మూటలన్నీ తూస్తావు, నీ నోట్లోంచి వచ్చేది మాత్రం తూచవు" అని మా అక్క అంటూండేది. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

పార్సిల్ ఆఫీసులో తూకం బల్ల దగ్గర నా ఉద్యోగం. పదిహేడేళ్లయింది. పొద్దున షట్టర్ లేపగానే మొదట చేసే పని, బీరువాలోంచి ఇరవై కిలోల ఇనపరాయి తీసి తూకం మీద పెట్టడం. అంకె సరిగ్గా ఇరవై చూపిస్తేనే ఆ రోజు మొదటి పార్సిల్ తీసుకుంటాం. ఆ రాయిని తలుపుకు అడ్డం పెట్టకూడదు, దాని మీద ఎవరూ కూర్చోకూడదు, తడిగుడ్డతో తుడవకూడదు. కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠం చెబుతాను, రాయి మారిపోతే తప్పు తూకంలో ఉందో సరుకులో ఉందో బ్రహ్మకు కూడా తెలియదని. ఇంత తెలిసినదాన్ని ఇంట్లో మూడు నెలలపాటు ఏం చేశానో చెప్పాలి.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. ఆ తర్వాత నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. తను పెళ్లి చేసుకోలేదు, నాకు చేసిన పెళ్లి నిలవలేదు. ముందు గదిలో అక్క కుట్టుమిషను, వెనక రెండు గదుల్లో మేమిద్దరం. అక్క భారీ మనిషి. తిండంటే ఇష్టం, ఆ ఇష్టాన్ని దాచుకునేది కాదు. "నా కొలతలు నేను తీసుకోను, టేపు చాలదు" అని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను నవ్వించేది.

నిరుడు పై అరలోంచి గుడ్డల చుట్ట లాగుతూ స్టూలు మీంచి వెనక్కి పడింది. వెన్ను దెబ్బతింది. ఆపరేషనయ్యాక డాక్టరు చెప్పింది రెండే ముక్కలు. నరం తెగలేదు. బాగా తిని, రోజూ కాళ్ల వ్యాయామం చేస్తే ఏడాదిలోపు చేతికర్రలతో నిలబడొచ్చు. అప్పటిదాకా మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి ఎవరో ఒకరు ఎత్తి మార్చాల్సిందే. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో బరువు డెబ్భై నాలుగు కిలోలని రాశారు. ఆ కాగితం బీరువా తలుపుకు లోపలివైపు అంటించాను.

నేను యాభై రెండు కిలోలు, నలభై రెండేళ్లు. అప్పటివరకూ నేనెత్తిన పెద్ద బరువు ఆఫీసు రాయి.

అక్కను ఇంటికి తెచ్చిన రెండో వారం, ఒక పొద్దున్న, మంచానికీ కుర్చీకీ మధ్య నా చేతులు జారాయి. అక్క నేల మీద కూలబడింది, నేను అక్క మీద పడ్డాను. దెబ్బలేం తగల్లేదు. లేవదీయబోతే మాత్రం అక్క జానెడు కూడా లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. ఆఫీసుకు టైమవుతోంది, నడుం పట్టేసింది, కోపం నషాళానికంటింది.

"ఎలా తిన్నావక్కా ఇన్నేళ్లూ? ఇది ఒళ్లా, గోడౌనా?" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నిన్ను రోజూ మోసేకంటే ఏ హోమ్‌లోనో దింపేస్తే నా ప్రాణం హాయిగా ఉంటుంది."

అక్క నేల మీద కూర్చునే నైటీ అంచు కాళ్ల మీదకి లాక్కుంది. "ఎదురింటామెను పిలు. ఇద్దరూ పడితే లేస్తాలే" అంది మామూలుగా. ఎదురింట్లో ఇస్త్రీ బల్ల పెట్టుకున్న ఆవిడ వచ్చి చెయ్యి వేసింది. నేను ఆఫీసుకు పరిగెత్తాను. మధ్యాహ్నానికల్లా నేనన్న మాట నేను మర్చిపోయాను.

ఈ సంగతి ఇస్త్రీ ఆవిడ ద్వారా అన్నయ్యకు తెలిసింది. అన్నయ్య బస్సు డ్రైవరు, నాకు పెద్ద, అక్కకు చిన్న. సీట్లో కూర్చుని కూర్చుని నడుం పాడు చేసుకున్నాడు. ఆ ఆదివారం వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా నడుం సంగతి మీకు తెలుసు. బకెట్టు కూడా ఎత్తొద్దన్నారు. ఊరి చివర హోమ్ ఒకటి ఉందక్కా, చూసొచ్చాను. శుభ్రంగా ఉంది. ఎత్తడానికి మనుషులున్నారు."

"నన్నెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఎత్తుతారా?" అంది అక్క.

"మరి దీనివల్ల కావట్లేదు కదా."

"అవుతుంది," అన్నాను. నాకు రోషం వచ్చింది. "ఎందుకు కాదు?"

అన్నయ్య నా చేతుల వైపు చూశాడు. తీసిపారేసినట్టేం చూడలేదు, జాలిగానే చూశాడు. "మూడు నెలలు చూద్దాం. మూడు నెలలయ్యాక వస్తాను. నువ్వొక్కదానివే, ఎవరి సాయం లేకుండా, అక్కను మంచం మీంచి కుర్చీలోకి, మళ్లీ మంచం మీదకి మార్చి చూపించు. చేస్తే నేనింక హోమ్ మాటెత్తను. చెయ్యలేకపోతే ఇద్దరూ నా మాట వినాలి."

అక్క నా వైపే చూస్తూ కూర్చుంది. నా మీద నమ్మకం కొద్దీ చూస్తోందనుకున్నాను.

పార్సిల్ ఆఫీసు వెనక సందులో, సైకిళ్ల షాపు పైన ఒక జిమ్ ఉంది. అద్దాలూ పాటలూ ఉన్న రకం కాదు. తుప్పుపట్టిన ప్లేట్లు, నేల మీద రబ్బరు చాపలు, ఒక మూల బొజ్జతో ఒక పెద్దాయన. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన మనిషి. అందరూ మాస్టారంటారు. నా సంగతంతా విని ఆయన నవ్వలేదు, అందుకే చేరాను.

"మీ అక్కను ఎత్తడమంటే నేల మీద బరువును నడుం వంగకుండా పైకి లేపడమే. దాన్ని డెడ్‌లిఫ్ట్ అంటాం. ముందు ఉత్త రాడ్డుతో మొదలెట్టు, అదే ఇరవై కిలోలు," అని ఒక నోట్‌బుక్ చేతిలో పెట్టారు. "రోజూ రాయి. ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు, నడుం నిటారుగా ఉందా లేదా, మర్నాడు ఒళ్లెలా ఉంది. అంకె ఒక్కటే చూసుకుని మురిసిపోకు. ముప్ఫై కిలోలు మొన్న గూనిగా మూడుసార్లు ఎత్తి, ఇవాళ నిటారుగా ఐదుసార్లు ఎత్తావనుకో, బలం పెరిగినట్టే. కొత్తలో నెలకోసారి వెనక్కి తిప్పి చూసుకోవాలి. రోజూ చూసుకుంటే పిచ్చెక్కుతుంది."

పుస్తకం రాయడం నాకు చేతనైన విద్యే. మొదటి వారం ఇరవై. మూడో వారం ముప్ఫై. ఐదో వారానికి నలభై. చేతులు కాయలు కాశాయి, మెట్లు దిగుతుంటే తొడలు వణికేవి. అయినా చిన్నపిల్లలా సంబరపడ్డాను. మాస్టారు చెప్పని గడి ఒకటి నేనే గీసుకుని దానికి 'ఇల్లు' అని పేరు పెట్టాను. పొద్దున అక్కను ఎత్తాక అందులో ఒక మాట రాసేదాన్ని. మొదట్లో 'చాలా కష్టం'. నెల తిరిగేసరికి 'కష్టం'. తర్వాత 'ఫర్వాలేదు'. ఆ తర్వాత 'తేలిక'.

రోజూ కుర్చీలో సర్దుకున్నాక అక్క అడిగేది. "ఇవాళ ఎలా ఉన్నాను?"

"నిన్నటికంటే తేలిగ్గా ఉన్నావు."

అక్క మొహం విప్పారేది. నా బలం చూసి మురిసిపోతోందనుకునేదాన్ని. ఒకరోజు "దూదిమూటలా ఉన్నావక్కా" అన్నాను. ఆ రోజంతా అక్క పాత పాటలు కూనిరాగాలు తీస్తూనే ఉందని ఇస్త్రీ ఆవిడ చెప్పింది.

మా ఇంటి పద్ధతి ఇలా ఉండేది. పొద్దున ఇద్దరికీ గుడ్లు ఉడకబెట్టేదాన్ని. అక్కకు రోజుకు రెండు పెట్టమని డాక్టరు చెప్పాడు. అక్క ఒకటి తిని రెండోది నా ప్లేట్లో పెట్టేది. "బరువులెత్తేదానివి, నీకే కావాలి." నేను తినేదాన్ని. మధ్యాహ్నానికీ రాత్రికీ రెండు గిన్నెల్లో భోజనం సర్ది, కుర్చీని కిటికీ దగ్గరికి తోసి, గిన్నెలు చేతికందేలా బల్ల మీద పెట్టి వెళ్లేదాన్ని. మధ్యాహ్నం ఇస్త్రీ ఆవిడ ఒకసారి వచ్చి అవసరాలు చూసి పోయేది. జిమ్ నుంచి నేనొచ్చేసరికి ఏడున్నర. రెండు గిన్నెలూ ఖాళీగా ఉండేవి. "ఆగలేకపోయాను, ఏడింటికే తినేశాను" అనేది అక్క. తిండి దగ్గర అక్క ఆగలేదన్నది నాకు కొత్త సంగతి కాదు.

మా కిటికీ వీధికి బాగా కిందుగా ఉంటుంది. దాని కింద ఒక వీధికుక్క మకాం పెట్టింది. ఎక్కడ ఇల్లు కడుతున్నా అక్కడికి వెళ్లి, పని జరిగినంతసేపూ నిలబడి చూస్తుంది కాబట్టి వీధిలో దాన్ని మేస్త్రీ అంటారు. ఆ రెండు మూడు నెలల్లో మేస్త్రీ బాగా ఒళ్లు చేశాడు. "ఏం తింటున్నాడో గానీ కదల్లేకపోతున్నాడు" అని ఇస్త్రీ ఆవిడ అంటే, "వాణ్నీ మా జిమ్‌లో చేర్పిస్తాను" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. అక్క అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఎనిమిదో వారానికి నా అంకె నలభై ఐదు దగ్గర ఆగిపోయింది. తొమ్మిదో వారం నలభై ఐదు. పదో వారం, పదకొండో వారం అంతే. రెండున్నర కిలోలు కలిపితే రాడ్డు నేలకు అతుక్కుపోయేది. చిరాకుతో ప్లేటును కాలితో తన్నాను. బొటనవేలు వాచింది, మాస్టారి చేత చీవాట్లు తిన్నాను.

"ఆగడం తప్పేం కాదు. అందరికీ ఆగుతుంది. సరిగ్గా తిను, నిద్రపో, ఒక వారం తగ్గించి ఎత్తు, మళ్లీ కదులుతుంది," అన్నారాయన.

"మీ రాడ్డే నాకు పడట్లేదు మాస్టారూ. ఇంట్లో డెబ్భై నాలుగు కిలోల మనిషిని అవలీలగా ఎత్తుతున్నాను."

ఆయన నోట్‌బుక్ తీసి 'ఇల్లు' గడి మొదటి పేజీ నుంచీ చదివారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. "మనిషి కొంచెం సాయపడుతుంది, చేతులు మెడకు చుట్టుకుంటుంది, అది నిజమే. అయినా ఇంత తేడా రాకూడదు. నలభై ఏడున్నర ఎత్తలేని నడుం డెబ్భై నాలుగు తేలికని ఎలా రాస్తుంది? ఈ డెబ్భై నాలుగు ఎవరు తూచారు, ఎప్పుడు?"

"ఆసుపత్రిలో. మూడు నెలల కింద."

"మరి దాన్ని ఇవాళ్టి లెక్కలో ఎలా వేసుకుంటున్నావ్?"

పదిహేడేళ్లుగా తూకం వేస్తున్నదాన్ని. నన్ను పట్టుకుని ఆ మాటంటే ఒళ్లు మండింది. అబద్ధం రాశాననే కదా అర్థం. రేపు శనివారం, ఎల్లుండి అన్నయ్య వస్తాడు. తూచి, అంకె వేసి, ఈయన ముందూ అన్నయ్య ముందూ పెడదామనుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఆఫీసు మూసేటప్పుడు సూపర్‌వైజరును అడిగి చిన్న పలక తూకం ఒకటి ఆటోలో ఇంటికి తెచ్చాను. పలక నేల మీద ఉంటుంది, తీగ చివర అంకెల పెట్టె ఉంటుంది. పెట్టెను బల్ల మీద పెట్టాను.

అక్క దాన్ని చూడగానే, "ఇదెందుకు తెచ్చావ్?" అంది.

"నువ్వెంతున్నావో చూడ్డానికి. నేనెంత ఎత్తుతున్నానో రేపు అన్నయ్యకు అంకెతో సహా చెప్పాలి."

"ఆడవాళ్ల బరువు అడక్కూడదని తెలీదా? పోయి మూటలు తూచుకో పో."

"నువ్వూ మూటవేగా."

"వద్దే. ఇవాళ నాకు ఒంట్లో బాగాలేదు. రేపు చూద్దాం."

నేను వింటేగా. నవ్వుతూనే వంగి ఎత్తేశాను. అక్క చేతులు నా మెడకు గట్టిగా చుట్టుకున్నాయి. పలక మీదకి ఎక్కి పెట్టె వైపు చూశాను. నూట పది. నా యాభై రెండూ తీసేశాను. యాభై ఎనిమిది.

ఆ క్షణాన నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. అక్కకు ఏమైందని కాదు, తూకం పాడైందని అనుకున్నాను. అక్కను మంచం మీద దింపి, వంటింట్లోంచి ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా మోసుకొచ్చి పలక మీద పెట్టాను. ఇరవై పాయింట్ ఏడు చూపించింది. డబ్బా బరువు పోతే సరిగ్గా సరిపోయింది. తూకంలో ఏ తప్పూ లేదు.

వెనక్కి తిరిగాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. నైటీ నడుం దగ్గర కొంచెం మెలి తిరిగి, పక్క కుట్టు లోపలివైపు పైకి కనిపిస్తోంది. అక్కడ ఒక కుట్టు కాదు. పక్కపక్కనే నాలుగు వరసలున్నాయి, ఒక్కోటి ఒక్కో అంగుళం లోపలికి. చేతికుట్టు, మిషను కుట్టంత సమంగా ఉంది. చేతుల దగ్గరా అంతే, భుజాల దగ్గరా అంతే. పరుగెత్తి వెళ్లి తీగ మీద ఆరేసిన రెండు నైటీలు తిరగేసి చూశాను. వాటికీ నాలుగేసి వరసలు. నా నోట్‌బుక్‌లో నేను 'తేలిక' అని రాసుకుంటున్నప్పుడల్లా, అక్క తన బట్టల మీద తన లెక్క కుట్టుకుంటూ వచ్చింది. బట్ట వదులైతే నేను కనిపెట్టేస్తానని, వదులవకుండా చూసుకుంది.

మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "గిన్నెల్లోది ఏం చేస్తున్నావ్?" అని అడిగాను. అడిగేటప్పటికే జవాబు కిటికీ కింద నిద్రపోతోంది.

"తినకుండా ఏం లేను. బతికేంత తింటున్నాను," అంది అక్క గోడతోనే.

"బాగా తినమని డాక్టరు చెప్పాడు కదే. కాళ్లకు బలం ఎక్కడినుంచి వస్తుంది?" 'కదే' అన్నాను. అక్కను ఎప్పుడూ అలా అనలేదు.

"కాళ్లొచ్చేది ఎప్పటికో. వాడొచ్చేది మూడు నెలలకి." అక్క మెల్లగా ఇటు తిరిగింది. మొహం ఎంత చిక్కిందో అప్పుడు చూశాను. రోజూ చూస్తున్న మొహమే. "చూడు, కుట్టిన జాకెట్టు పట్టలేదని వచ్చినావిణ్ణి ఒళ్లు మార్చుకు రమ్మంటామా? కూర్చుని మన కుట్టే విప్పి సరిచేస్తాం. నీ చేతులింతే. వాటికి సరిపడా నేను తగ్గాను. ఇందులో ఏముంది?"

"నేనన్న మాటకేగా ఇదంతా?"

"ఏం మాట?"

"గోడౌనన్నాను. హోమ్‌లో దింపేస్తానన్నాను."

"అన్నావా? నాకు గుర్తే లేదు," అంది అక్క. పదేళ్ల కింద ఎవరి జాకెట్టు మెడ ఎన్ని అంగుళాలో చెప్పగల మనిషి. "రేపు మాత్రం ఏం మాట్లాడకు. ఒక్కరోజు. వాడొచ్చి చూసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత నువ్వెంత పెడితే అంత తింటాను, ఒట్టు."

నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. నా పళ్ల మధ్య తొంభై గుడ్లు ఇరుక్కున్నట్టు ఉంది. అక్క ఇచ్చినవి, రోజుకొకటి చొప్పున నేను తిన్నవి.

ఆదివారం పొద్దున్నే అన్నయ్య వచ్చాడు. చొక్కా జేబులో హోమ్ కాగితాలు మడతపెట్టి ఉన్నాయి. అక్క ఉతికిన నైటీ వేసుకుని, జడ వేయించుకుని, పరీక్షకు కూర్చున్నట్టు మంచం మీద కూర్చుంది. నేను వంగి, నడుం నిటారుగా పెట్టి, మాస్టారు చెప్పినట్టే ఎత్తాను. కుర్చీలో దింపాను. మళ్లీ ఎత్తి మంచం మీదకి మార్చాను. రొప్పు కూడా రాలేదు.

అన్నయ్య నోరు తెరిచి చూశాడు. "ఒప్పుకున్నానమ్మాయ్. నిజంగా అనుకోలేదు," అన్నాడు. జేబులోంచి కాగితాలు తీసి సగానికి చించబోయాడు. అక్క మొహంలో అంత సంతోషం ఆపరేషను తర్వాత నేనెప్పుడూ చూడలేదు.

"చూశావా మా చెల్లి ఎంత బలం తెచ్చుకుందో," అంది అక్క.

ఆ మాట విన్నాక నోరు మూసుకుని నిలబడటం నా వల్ల కాలేదు. "ఆగన్నయ్యా," అన్నాను.

"వద్దు," అంది అక్క.

తీగ మీది నైటీ తెచ్చి, తిరగేసి, అన్నయ్య ఒళ్లో పెట్టాను. బీరువా తలుపు తెరిచి ఆసుపత్రి కాగితం చూపించాను. తూకం ఇంకా నేల మీదే ఉంది. జరిగిందంతా చెప్పాను. ఆ రోజు నేల మీద నేనన్న మాటలు కూడా, ఒక్కటి మింగకుండా చెప్పాను. ఎదుటివాళ్ల ముందు వాటిని పలుకుతుంటే నా గొంతు నాకే అసహ్యమేసింది. అక్క దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది, తప్పు తను చేసినట్టు.

అన్నయ్య కుట్లను వేలితో తడిమి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "గడువు పెట్టింది నేనేగా," అన్నాడు చివరికి. అని అక్క వైపు తిరిగాడు. "నువ్వు నాకో మాట చెప్పుంటే ఏం పోయేదక్కా?"

"చెప్తే తీసుకుపోయేవాడివి. ఇప్పుడు తెలిసిందిగా, తీసుకుపో," అంది అక్క.

"డెబ్భై దాటేదాకా నిన్నెక్కడికీ కదలనివ్వను. ఎత్తడానికి పొద్దున పూట ఇస్త్రీ ఆవిణ్ణి రమ్మని నేను అడుగుతాను, ఇద్దరూ కలిసి ఎత్తండి. డెబ్భై దాటాక ఇది ఒక్కతే ఎత్తగలదా లేదా అప్పుడు చూద్దాం." కాగితాలు చించలేదు. మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగి, మేస్త్రీని అదిలించి, అది లేచి నాలుగడుగులు వేసేదాకా చూసి వెళ్లాడు.

సోమవారం మాస్టారికి చెప్పాను. ఆయన ఏ నీతులూ చెప్పలేదు. నోట్‌బుక్ తీసుకుని 'ఇల్లు' గడి మీద మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అడ్డంగా గీత కొట్టారు. "ఇవాళ్టి నుంచి అక్కడ మాట రాయకు, అంకె రాయి. వారానికోసారి తూచి, మీ అక్క బరువు రాయి. దాని పక్కన నీది రాయి. రెండూ పెరిగితేనే పెరిగినట్టు," అన్నారు.

ఇప్పుడు జిమ్‌కి పొద్దున్నే వెళ్లొస్తున్నాను. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి అక్క ఎదురుగా కూర్చుని తింటున్నాను. గుడ్లు రెండూ అక్క తినేదాకా నా చేతులు నా ఒళ్లోనే ఉంటాయి. మొదట్లో అక్కకు సయించేది కాదు, నాలుగు ముద్దలకే చాలనేది. చిన్నదైన కడుపు మళ్లీ పెద్దదవడానికి టైం పడుతుందని డాక్టరన్నాడు. కాళ్లకు బలం రాకుండా వృథాగా పోయిన మూడు నెలల సంగతి అడిగితే, అవి వెనక్కి రావు, ముందుకి చూడండి అన్నాడు. ఆ మాట డాక్టరు మామూలుగానే అన్నాడు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను.

నా రాడ్డు నలభై ఐదు నుంచి కదిలింది. నలభై ఏడున్నర, తర్వాత యాభై. అక్క యాభై తొమ్మిది, అరవై, అరవై రెండు. ఇస్త్రీ ఆవిడ రోజూ ఒక చెయ్యి వేస్తోంది. పోయిన నెల ఒకరోజు ఆవిడ జ్వరమొచ్చి రాలేదు. ఒక్కదాన్నే ఎత్తాల్సి వచ్చింది. అక్క చేతులు మెడకు చుట్టుకున్నాయి. లేపాను. సగం దూరంలో తొడలు వణికాయి, కుర్చీ అంచు మీద అక్కను ఒక క్షణం ఆనించి, ఊపిరి తీసుకుని, లోపలికి సర్దాను. చెమట కారి కళ్లలో పడింది.

అక్క నా మొహంలోకి చూస్తోంది. ఆ ఆదివారం తర్వాత ఈ ప్రశ్న అడగడం మానేసింది. ఆ రోజు మళ్లీ అడిగింది.

"ఇవాళ ఎలా ఉన్నాను?"

"బరువుగా ఉన్నావక్కా," అన్నాను. "చాలా బరువుగా ఉన్నావు."

అక్క నా కళ్లలో ఏదో వెతికింది. అది దొరికిందో లేదో నాకు తెలియదు. "ఆ కత్తెర ఇలా ఇవ్వు. చంకల దగ్గర బిగుతుగా ఉంది," అంది. కుర్చీలోనే కూర్చుని, నైటీ పక్కను లోపలివైపు పైకి వచ్చేలా తిరగేసి, అన్నిటికంటే లోపలి వరసను ఒక్కో కుట్టూ తెంపి విప్పింది. దారం ముక్కలు ఒళ్లోంచి ఏరి నా చేతిలో పెట్టింది. కుట్టు పోయినచోట బట్ట మీద సూది చిల్లులు వరసగా మిగిలాయి.

"రెండు ఉతుకులకు పూడుకుపోతాయిలే," అంది అక్క.

ఇప్పటికి ఐదుసార్లు ఉతికాను.